ఐసుపెట్టెలో తెచ్చిన డబ్బా

చల్లనయ్య అసలు పేరు బజారులో ఎవరికీ తెలియదు. ఫ్రిజ్ మెకానిక్. పాల డిపోలైనా, మందుల షాపులైనా, చేపల గోదాములైనా పదిహేనేళ్లుగా అతని చేతిమీదుగానే చల్లబడుతున్నాయి. ఏ వస్తువైనా చల్లగా ఉంచితే చెడిపోదని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకమే ఓ ఉదయం అతని కొంప ముంచబోయింది.

పెళ్లయి తొమ్మిదేళ్లు, పిల్లల్లేరు. మొదటి ఆరేళ్లూ పరీక్షలన్నీ భార్యకే. ఆవిడ టైలరు. "సూదిపోట్లు నాకు కొత్తేం కాదు గానీ, ఒక్కసారి మీరూ చూపించుకుంటే పోలా?" అని ఒకనాడు కత్తెర పక్కన పెట్టి మరీ అడిగింది. చూపించుకున్నాడు. వీర్యకణాలు తక్కువ, వాటిలో కదిలేవి మరీ తక్కువ అని తేలింది. ఆ కాగితం పట్టుకుని వారం రోజులు షాపు తెరవలేదు.

"ఇవాళ సిగరెట్లు మానేస్తే రేపే ఫలితం కనబడదు. ఒక కణం తయారై బయటికి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది," అంది డాక్టరమ్మ. చల్లనయ్య మూడు నెలలూ సిగరెట్టు ముట్టలేదు. వేణ్ణీళ్ల తొట్టెలో కూర్చోవడం మానేశాడు. బిగుతు ప్యాంట్లన్నీ బావమరిదికి దానం చేసేశాడు. ఎందుకిస్తున్నాడో చెప్పలేదు, బావమరిదీ అడగలేదు.

టెస్ట్‌ట్యూబ్ పద్ధతికని భార్య నుంచి అండాలు తీసే రోజు రానే వచ్చింది. క్లినిక్‌లో శాంపిల్ ఇచ్చే గది గోడ మరీ పలచన. మొదటిసారి పరీక్షకి ఇచ్చినప్పుడు రిసెప్షన్‌లో నవ్వులు వినబడి గంటన్నర ఊరికే కూర్చున్నాడు. అందుకని ఈసారి ఇంటి నుంచే తెస్తానని బతిమాలుకున్నాడు. ఇల్లు ఇరవై నిమిషాల దూరమే కాబట్టి ల్యాబ్ మేడమ్ సరేనంది. "చొక్కా లోపల ఒంటికి ఆనించి తీసుకురండి," అని రెండుసార్లు చెప్పింది.

చల్లనయ్య రెండుసార్లూ విన్నాడు. తీరా డబ్బా చేతిలోకి వచ్చాక బుర్ర పనిచేయడం మొదలెట్టింది. ఇంత ఎండలో ఒంటికి ఆనించడమా? వాళ్లే కదా పొగలు కక్కే డ్రమ్ముల్లో గడ్డకట్టించి ఏళ్ల తరబడి దాచేది? మేడమ్‌కి చాలా తెలుసు, కాదనడు. కానీ చల్లదనం సంగతి ఆమెకేం తెలుసు? టీకాలు మోసే పెట్టె తీసి, నాలుగు ఐసుగడ్డల మధ్య డబ్బాని భద్రంగా కూర్చోబెట్టాడు.

క్లినిక్‌లో ఆ పెట్టె చూడగానే మేడమ్ మొహం మారింది.

"అదేంటండీ?"

"రెండు డిగ్రీలు మేడమ్. దారి పొడుగునా ఒక్క డిగ్రీ పెరగనివ్వలేదు."

ఆమె డబ్బా తీసుకెళ్లింది. కాసేపటికి లోపలికి పిలిచి మైక్రోస్కోపు తెర చూపించింది. తెరంతా చిన్న చిన్న తోకలు, ఎక్కడివక్కడే.

"ఏం చేస్తున్నాయి మేడమ్?"

"ఏమీ చేయట్లేదు. అదే సమస్య."

"మరి మీరు గడ్డకట్టిస్తారు కదా?"

"ముందు మందు కలిపి, ఓ పద్ధతి ప్రకారం చల్లబరుస్తాం. మీరు తిన్నగా చలిలోకి తోసేశారు. కొన్ని బతికే ఉండొచ్చు. కదలకపోతే ఏది బతికిందో ఏది పోయిందో ఎలా చెప్పేది? అక్కడ ఏడు అండాలు వచ్చాయి, ఏడింటికి ఏడు మంచివి ఏరాలి. మూడు గంటల్లో ఇంకో శాంపిల్ ఇవ్వండి."

"మళ్లీనా?"

"సంఖ్య తగ్గుతుంది. కదలిక ఒక్కోసారి మొదటిదానికన్నా మేలుగానే ఉంటుంది. వెళ్లండి."

మళ్లీ అదే గది, అదే గోడ. ముప్పావుగంట గడిచింది. మూడు నెలల తపస్సు రెండు డిగ్రీల దగ్గర ఆవిరైపోయిందని తలుచుకుంటూ ఖాళీ డబ్బా మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. ఫోన్ మోగింది. పక్క వార్డు నుంచి భార్య. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు.

"పిల్లల్ని చేపల్లా ఐసులో తెచ్చారటగా."

"చెప్పేసిందా ఆవిడ?" అన్నాడు చల్లనయ్య. తిట్లకి సిద్ధపడి చెవి ఒప్పజెప్పాడు. "ఏంటా చప్పుడు? నవ్వుతున్నావా?"

"నవ్వితే పొత్తికడుపు లాగుతోంది. ఇంకేం మాట్లాడకండి."

"నాకు ఏడుపొస్తోందే."

"వస్తే ఏడవండి. శాంపిల్ ఇవ్వడం మీ వల్ల కాకపోతే బయటికి వచ్చేయండి. ఇవాళ కుదరకపోతే అండాలు గడ్డకట్టించి దాస్తారట, అడిగాను. ఆ చలి పని మాత్రం వాళ్లకే వదిలేయండి."

ఫోన్ పెట్టేశాక చల్లనయ్యకీ నవ్వొచ్చింది. గోడ అవతల రిసెప్షన్ అమ్మాయికి వినబడే ఉంటుంది, వినబడనీ అనుకున్నాడు. ఆ తర్వాత గడియారం వైపు చూడలేదు. ఇరవై నిమిషాలకి డబ్బా చొక్కాలో పెట్టుకుని, నిండుకుండ మోస్తున్నవాడిలా పదడుగుల వరండా దాటాడు.

"తక్కువే ఉన్నాయి," అంది మేడమ్ తెర మీంచి కన్ను తీయకుండా. "కానీ పరిగెడుతున్నాయి, చూడండి."

ఒకటి తెరకి అడ్డంగా దూసుకొచ్చి, అంచుకి కొట్టుకుని, వెనక్కి తిరిగింది.

"అది అచ్చం నా పోలికే మేడమ్," అన్నాడు చల్లనయ్య. ఆమె మొదటిసారి నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఏడింట్లో నాలుగు ఫలించాయి. వాటిలో ఎన్ని ఎదుగుతాయో తెలియడానికి ఇంకో నాలుగు రోజులు ఆగాలి. చల్లనయ్య వంటింట్లోకి, వీధిలోకి, మళ్లీ వంటింట్లోకి తిరిగాడు.

"అలా కాళ్లు కాలిన పిల్లిలా తిరక్కండి," అంది మంచం మీద నుంచి భార్య. "ఇటొచ్చి ఈ చొక్కాకి గుండీలు కుట్టండి."

సాయంత్రానికి ఆరు కుట్టాడు. ఆవిడ అందులో ఐదు విప్పేసి, "ఇంకా నాలుగు రోజులు గడవాలిగా," అంటూ మళ్లీ సూది చేతికిచ్చింది.