ఎఫీ పిన్ని పరుగు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తల్లో, లండన్ నగరంలో, లాంబెత్‌లోని మా సంత వీధిలో లైసెన్సు లేకుండా సూట్‌కేసుల్లో సరుకు పరుచుకుని అమ్మేవాళ్లం ఆరుగురం ఉండేవాళ్లం. మా ఆరుగురి ప్రాణాలూ ఎఫీ పిన్ని గొంతులో ఉండేవి. హార్కర్ చేపల కొట్టు మూల మీద నారింజల పెట్టె బోర్లించి, దానిమీద నిలబడేది. పోలీసు టోపీ కనబడగానే కేక వేసేది. మేం ఉడాయించేవాళ్లం. ముప్ఫై ఏళ్లుగా అదే ఆవిడ ఉద్యోగం. చిన్నప్పుడే తుంటి విరిగి కుంటుతూ నడిచేది కాబట్టి, తాను మాత్రం ఏనాడూ పరిగెత్తలేదు.

ఒక్కో ప్రమాదానికి ఒక్కో కేక. పోలీసు ఇంకా దూరంగా ఉంటే "స్కార్పర్!" అనేది, పెట్టె మూసి పరిగెత్తమని. ఆ మాట బొమ్మలాడించే ఇటలీవాళ్లు తెచ్చారనీ, వాళ్లలో ఒకడికి తన ముత్తవ్వ గిన్నెడు సూపు పోసి ఆ మాట పుచ్చుకుందనీ చెప్పేది. పోలీసు మీదికే వచ్చేస్తే "తాడు నరుకు!" లంగరు పైకి లాగే తీరిక లేనప్పుడు ఓడవాళ్లు గొడ్డలితో తాడు నరికేసి తెరచాప ఎత్తేవాళ్లట. అంటే, సరుకు పోతే పోనీ, నువ్వు మిగులు అని. ఆ గొడ్డలి తన తాతదేనని ప్రమాణం చేసేది. మాకు తెలిసి ఆ తాత పావురాలు పెంచేవాడు; ఓడ ఎక్కిన పాపాన పోలేదు.

మామూలు బట్టల్లో ఎవడైనా అనుమానంగా తిరుగుతుంటే, "ఫ్రెంచి సెలవో..." అని పాటలా తీసేది. చెప్పాపెట్టకుండా మెల్లగా జారుకోమని. నేను చదివిన కాన్వెంటులో సిస్టర్ క్లోటిల్డ్ ఫ్రెంచావిడ. బడి ఎగ్గొట్టి దొరికిన రోజున ఆవిడ ముందు ఆ మాట అన్నాను. "మా దేశంలో దాన్ని ఇంగ్లీషువాళ్లలా జారుకోవడం అంటారు," అని అరచేతి మీద ఒక్కటిచ్చింది. అది విని ఎఫీ పిన్ని పెట్టె మీంచి పడేంతగా నవ్వింది.

"చూశావురా డెన్నీ, పారిపోయేవాడు ఎప్పుడూ పక్కూరోడే!"

పందొమ్మిది వందల యాభైలో, అక్టోబరు నెల. అప్పటికి నేను రెండుసార్లు దొరికాను. మూడోసారి దొరికితే జైలేనన్నాడు మేజిస్ట్రేటు. శనివారం ఐరిస్‌తో నా పెళ్లి. గురువారం పొద్దున నైలాన్ మేజోళ్లు పరుచుకుని, ఆవిడ నిలబడే మూలకు వీపు తిప్పి బేరాలాడుతున్నాను. ఎఫీ పిన్ని ఉండగా వెనక్కి చూసే అలవాటు మాలో ఎవరికీ లేదు.

తర్వాత జరిగింది హార్కర్ చెప్పాడు. కొత్తగా వచ్చిన కుర్ర పోలీసు కొట్టు వెనక నుంచి వచ్చి, పెట్టె పక్కన నిలబడ్డాడట.

"అమ్మా, ఇవాళ మీ గొంతుకు సెలవు. ఒక్క మాట వినబడినా స్టేషనుకే. ఆ చివర నుంచి మావాళ్లిద్దరు వస్తున్నారు."

ఆవిడ నా వీపు వంక చూసిందట.

"గొంతు సంగతి సరే నాయనా, కాళ్ల సంగతేంటి?"

పెట్టె దొర్లిన చప్పుడుకి వెనక్కి తిరిగాను. ఎఫీ పిన్ని పరిగెడుతోంది! ఒక భుజం ఎగరేస్తూ, టోపీ చేత్తో పట్టుకుని, అవతలి సందులోకి. పరిగెత్తేవాళ్లని చూస్తే పోలీసు కాళ్లు ఆగవు కదా, వాడూ వెనకాలే. మాకింక వేరే కేక కావాలా? ఆ ఇద్దరూ వచ్చేసరికి పేవ్‌మెంటు మీద పావురాలే మిగిలాయి.

ఆ సందులో రొట్టెల కొట్టు మెట్ల దగ్గర కూలబడిన ఆవిణ్ణి కుర్రాడు అందుకున్నాడు.

"ఎందుకు పరిగెత్తావ్?"

"చలేసింది నాయనా."

"ఏం దాస్తున్నావ్?"

"నా వయసు."

సంచిలో సగం కొరికిన రొట్టెముక్క ఒక్కటే ఉంది. వదిలేశాడు.

కానీ ఆ తుంటి మళ్లీ ఆవిణ్ణి పెట్టె ఎక్కనివ్వలేదు. శనివారం నా పెళ్లికి చేపల బండిలో కూర్చోబెట్టి తోసుకొచ్చాం. చర్చి అంతా ఈల్ చేపల వాసన. ఐరిస్ తన పూలగుత్తి ఆవిడ ఒళ్లో పెట్టింది.

ఆ పరుగు ముప్ఫై అడుగులు. ఆవిడ చెప్పగా చెప్పగా అది మైలైంది, కుర్రాడు ముగ్గురయ్యాడు, చివరికి థేమ్స్ నది మీది వాటర్లూ వంతెన కూడా దాటింది. నేను వంత పాడబోతే ఐరిస్ టీ కలుపుతూ, "ముప్ఫై అడుగులే, నాకు హార్కర్ చెప్పాడు," అనేది. నలభై ఒక్క ఏళ్లు అలా సరిదిద్దింది.

ఇప్పుడు సరిదిద్దేవాళ్లు లేరు. అందుకని నిజం చెప్తున్నాను, వినండి. వంతెన దాటింది. నేను కళ్లారా చూశాను.