జాడీల అలమర తలుపుకి ఏ నూనె?

కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్ళకి నూనె గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ గానుగ మంచిది, ఏ పచ్చడికి ఏ నూనె పొయ్యాలి, డబ్బా ఎక్కడ పెట్టాలి, అన్నీ మాకు ఉగ్గుపాలతోనే వచ్చేస్తాయి. చెక్కకి ఏ నూనె రాయాలో కూడా అలాగే వచ్చేసి ఉంటుందని నేను ధీమాగా ఉన్నాను.

రిటైరయ్యాక మగాడికి ఏదో ఒక పిచ్చి పట్టాలి. నా ఈడువాళ్ళలో కొందరికి భక్తి పట్టింది, కొందరికి షేర్ మార్కెట్ పట్టింది, నాకు స్క్రోల్ సా పట్టింది. అదొక చిన్న రంపం మిషను. సన్నటి బ్లేడు కుట్టుమిషను సూదిలా పైకీ కిందకీ ఆడుతుంటే, కింద చెక్కని తిప్పుకుంటూ లతలూ పువ్వులూ కోసుకోవచ్చు. పటమటలో మా అపార్ట్‌మెంటు బాల్కనీయే నా కార్ఖానా. మొదట్లో చుట్టాలందరికీ తాళాలు తగిలించుకునే చెక్కలు కోసి ఇచ్చాను. కొన్నాళ్ళకి నేను సంచీతో గుమ్మంలో కనపడగానే మా బావమరిది, "బావగారూ, ఇంక మా ఇంట్లో తాళాలు లేవండీ" అనడం మొదలుపెట్టాడు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

ఈ తలుపు మాత్రం సరదాకి మొదలుపెట్టింది కాదు.

మా ఆవిడ ముక్కు రెండు వైపుల చుట్టాల్లోనూ పేరుపడ్డ ముక్కు. ఏటా ఎండాకాలం గానుగ దగ్గరికి వెళ్ళి, అరచేతిలో చుక్క నూనె వేయించుకుని, రుద్ది, కళ్ళు మూసుకుని వాసన చూసేది. "ఇవి నిరుటి నువ్వులండీ" అనేది. గానుగాయన వాదించకుండా ఇంకో డబ్బా మూత తీసేవాడు. ఆ నూనెతో పెట్టిన ఆవకాయ మాకూ, మైలవరంలో ఉన్న మా అక్కకీ, మా బావమరిదికీ జాడీల్లో వెళ్ళేది. పెట్టడం ఈవిడ వంతు, తిని వంకలు పెట్టడం వాళ్ళ వంతు. ఏ వంకా దొరకక వాళ్ళు చాలా ఇబ్బంది పడేవాళ్ళు.

తర్వాత ఊళ్ళన్నీ తలుపులేసుకున్న ఆ జ్వరాల రోజుల్లో మా ఇద్దరికీ జ్వరం వచ్చింది. నాది తగ్గిపోయింది. ఆమెది తగ్గుతూ తగ్గుతూ వాసనని పట్టుకుపోయింది. "వస్తుందమ్మా, కాస్త టైం పడుతుంది" అన్నారు డాక్టరుగారు. ఆ కాస్త టైం ఏళ్ళయింది. అయినా మరుసటి ఎండాకాలం ఆవిడ పట్టుబట్టి ఆవకాయ పెట్టింది. ఉప్పూ కారం నాలుకకి తెలుస్తాయి కాబట్టి అవి దివ్యంగా కుదిరాయి. నూనె మాత్రం మక్కిపోయింది. అందరూ ఫోన్లు చేసి బ్రహ్మాండం అన్నారు, ఇంట్లో నేనూ అదే అన్నాను. వంకలు పెట్టే జాతి ఒక్క వంకా పెట్టలేదంటే ఆమెకి అప్పుడే అనుమానం రావాల్సింది.

కొన్ని నెలలకి మైలవరం వెళ్ళాం. అక్కకి సాయం చేద్దామని వంటింట్లోకి వెళ్ళిన మా ఆవిడకి సింకు కింద, ఫినాయిల్ సీసా పక్కన, తను పంపిన జాడీ కనిపించింది. మెడ దాకా నిండుగా ఉంది. తను కట్టిన గుడ్డ తను వేసిన ముడితోనే ఉంది. ఆమె ఇంటికొచ్చి మా జాడీలన్నీ కడిగి, అలమరలో బోర్లించేసింది. అప్పట్నించీ మేము కొన్న ఆవకాయ తింటున్నాం. కృష్ణా జిల్లాలో, మా ఇంట్లో, కొన్న ఆవకాయ. రాయడానికే సిగ్గుగా ఉంది.

ఆ అలమరకి తలుపు లేదు. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా బోర్లించిన జాడీలు ఆమెకి కనపడుతూనే ఉంటాయి. వాటిని కప్పేద్దామనో, మళ్ళీ నింపిద్దామనో నాకే సరిగ్గా తెలీదు గానీ, మామిడి గుత్తులూ ఆకులూ కోసి టేకుతో ఒక జాలీ తలుపు చేశాను. "జాడీలకి గాలాడాలి కదా" అన్నాను. ఖాళీ జాడీలకి గాలెందుకో ఆమె అడగలేదు.

ఇక నూనె. బెంజ్ సర్కిల్ దగ్గర షాపాయన నా మాట పూర్తి కాకుండానే, "నూనెలెవరు వాడుతున్నారండీ ఈ రోజుల్లో? పీయూ పాలిష్ కొట్టించండి, అద్దంలా మెరిసిపోద్ది" అన్నాడు. నాక్కావలసింది తలుపు, అద్దం కాదు. ఫోన్లో ఒక విదేశీ పెద్దాయన, చలికి స్వెట్టరేసుకుని, టంగ్ ఆయిల్ అనే చైనా నూనె తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని బతిమాలాడు. దాని ధర చూస్తుంటే నా భుజం మీంచి మా బావమరిది కూడా చూసి, "మింగ మెతుకు లేదు గానీ మీసాలకి సంపెంగ నూనె" అన్నాడు. మా వాచ్‌మన్ వాడేసిన ఇంజనాయిలు రాయమన్నాడు. "చెదపురుగు దగ్గరికి రాదు సార్!" చెదపురుగే కాదు, మనిషి కూడా రాడు.

చివరికి మా ఆవిడని అడిగాను. "ఇంట్లో నువ్వుల నూనె లేదా? ఏడాది పాటు మామిడికాయ ముక్కని కాపాడే నూనె, ఆఫ్టరాల్ చెక్కని కాపాడదా?" అంది. ఈ తర్కానికి ఎదురు చెప్పగల మనిషి మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

డబ్బా మూత తీశాను. కంపు గుప్పుమంది. ఎన్నాళ్ళ నుంచి మక్కి ఉందో ఏమో. ఆమె నా పక్కనే నిలబడి, ఆ డబ్బాలోకే చూస్తూ, "బాగుంది కదా?" అంది. "దివ్యంగా ఉంది" అన్నాను. ఆ నూనె వంటలోకి రాకుండా, ఆమెకి సంగతి తెలియకుండా డబ్బా ఖాళీ చెయ్యడానికి అంతకన్నా మర్యాదైన దారి నాకు దొరకలేదు. మొత్తం తలుపుకి పట్టించాను.

తినే నూనెల్లో చాలా మటుకు చెక్క మీద ఆరవని ఆ తర్వాత తెలుసుకున్నాను. పచ్చడిలో ముక్కకి నూనె ఎప్పటికీ తడిగానే ఉండాలి, చెక్క మీద గట్టిపడాలి. ఇంత చిన్న తేడా మా ఉగ్గుపాలల్లో కలపలేదు. విజయవాడ ఎండలో రోజుల తరబడి పెట్టినా తలుపు జిడ్డోడుతూనే ఉంది. బందరు రోడ్డు దుమ్మంతా వచ్చి దాని మీదే కాపురం పెట్టింది. చీమలు ఊరేగింపుగా వచ్చాయి. ఆమె వేలితో తాకి, "ఆరలేదేంటండీ?" అనేది. "ఆరుతుంది" అనేవాణ్ణి, అచ్చం ఆ డాక్టరుగారి గొంతుతో.

ఆఖరికి టర్పెంటైన్‌తో తుడిచి, రంపప్పొట్టుతో రుద్ది, ఎండబెట్టి, బుద్ధిగా అవిసె నూనె తెచ్చాను, తొందరగా ఆరేలా కాచిన రకం. రాయడం పెద్ద విద్యేమీ కాదు: పల్చగా రాయాలి, కాసేపు పీల్చుకోనివ్వాలి, మిగిలింది పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. కానీ జాలీ చెక్క సంగతి వేరు. ప్రతి కంతలోనూ నూనె దాక్కుంటుంది. మనం తుడిచేసి మురిసిపోయి లోపలికెళ్ళగానే మెల్లగా బయటికొచ్చి కారుతుంది. అందుకని పాత టూత్‌బ్రష్షు పట్టుకుని ఒక్కొక్క మామిడికాయ చుట్టూ తోముతూ కూర్చున్నాను. నా పళ్ళు ఎన్నడూ అంత శ్రద్ధకి నోచుకోలేదు. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయన్నారని, బట్టల తీగ మీద విడివిడిగా ఆరేశాను.

ఇక ఆ వాసన. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో, "ఎవరి ఫ్రిజ్‌లోనో చేప పాడైనట్టుంది, దయచేసి చూసుకోగలరు" అని మెసేజి వచ్చింది. కింద బోలెడు దణ్ణాలు. అసోసియేషన్ సెక్రటరీగారు స్వయంగా వచ్చి, గుమ్మంలో నిలబడి, మాట్లాడుతున్నంతసేపూ ఊపిరి బిగపట్టారు. దాంతో ఆయన ప్రసంగం ఎన్నడూ లేనంత క్లుప్తంగా ముగిసింది. ఊరంతా ఒకవైపు, మా ఆవిడ ఒక్కతే నా వైపు. "వీళ్ళవన్నీ వేషాలు. నాకేం వాసన రావట్లేదు, మీరు కానివ్వండి" అనేది. ఆ మాట వింటే ధైర్యం రావాలి. నేను మాత్రం తలెత్తకుండా ఇంకో మామిడికాయ చుట్టూ తోముకునేవాణ్ణి.

రైతుబజారులోకి ఆవకాయ కాయలు దిగాయి. ఆమె వాటి ముందు నుంచి తల తిప్పుకుని నడిచింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను ఆఖరి పూత వేస్తున్నాను. బట్టలు తియ్యడానికి బాల్కనీలోకి వచ్చిన ఆమె, "అబ్బ! ఏంటండీ ఈ కంపు?" అంది.

"అవిసె నూనెలే. ఆ సెక్రటరీగారు కూడా ఇదే..." అంటూ ఆగిపోయాను. తీగ మీద ఆమె చెయ్యి కూడా ఆగిపోయింది.

చీర కుచ్చిళ్ళు సర్దుకుని నా పక్కన కూర్చుంది. వంగి, మామిడి గుత్తికి ముక్కు ఆనించినంత పని చేసి, గానుగ దగ్గర మూసుకున్నట్టే కళ్ళు మూసుకుంది.

"పైన ఇదేదో పెయింటు కంపు. దీని కింద ఇంకోటి ఉంది." మళ్ళీ పీల్చింది. "నువ్వుల నూనె. మక్కింది."

"అవును."

"మన డబ్బాలోదేగా?"

"అవును."

"రాసేటప్పటికే మక్కిందా?"

"అవును."

"మరి నాకు చెప్పలేదేం?"

నా చేతిలో టూత్‌బ్రష్షు ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆమె కళ్ళనిండా నీళ్ళు. నాకూ ఏడుపొచ్చింది. టర్పెంటైన్ ఘాటని బుకాయిద్దామంటే ఆ పూట దాని మూత కూడా తియ్యలేదు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాల మూతలు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటున్న చప్పుడు. మెంతులు, కాఫీపొడి, ఏవేవో. కాసేపటికి లోపల్నుంచి కేక వినపడింది: "ఈ ఇంగువ ఎవరు కొన్నారండీ? దీన్లో పిండి తప్ప ఏముంది?" కొన్నది నేనే. నా జన్మలో ఏ తిట్టూ అంత హాయిగా లేదు.

మర్నాడు గానుగ దగ్గర అరచేతిలో చుక్క వేయించుకుంది. రుద్దింది. "ఇంకో డబ్బా తియ్యండి" అంది.

తలుపు బిగిద్దామని స్క్రూడ్రైవరు పట్టుకుని వంటింట్లోకి వెళితే గుమ్మంలోనే ఆపేసింది. "ఆ కంపుకొట్టే చెక్క నా జాడీల దరిదాపులకి తెచ్చారంటే ఊరుకోను." దాన్ని హాల్లో గోడకి తగిలించాం. వచ్చినవాళ్ళు నునుపు చూసి మెచ్చుకుంటారు, కాస్త దూరంగా నిలబడి. ఆవకాయ ఎప్పటిలాగే ఎవరి జాడీ వాళ్ళకి వెళ్ళింది. నెల తిరక్కుండానే మా అక్క మైలవరం నుంచి ఫోన్ చేసి, జాడీ ఖాళీ అయిపోయింది, ఇంకోటి ఉంటే పంపమంది. "సింకు కింద చూసుకోమనండి, ఒకటుండాలి" అంది మా ఆవిడ, ఫోన్లో వినపడేంత గట్టిగా. అని, వెళ్ళి ఇంకో జాడీ నింపి గుడ్డ కట్టింది.

అలమరకి మాత్రం ఇప్పటికీ తలుపు లేదు.