మొదటి బకెట్టు

గుమ్మడిదల దాటి మందుల కంపెనీ గోడ వెంట కాస్త దూరం పోతే ఎల్లయ్య పొలం, ఇల్లు వస్తాయి. ఆ పొలంలో బోరు నీళ్లకు నిలకడ లేదు. ఒకరోజు బాగుంటాయి, ఇంకోరోజు మందు వాసన కొడతాయి. చూడ్డానికి మాత్రం రెండు రోజులూ తేటగానే ఉంటాయి. అందుకని పొద్దున మోటారు వేయగానే మొదటి బకెట్టు పట్టి, వాసన చూశాకే బర్రెకు పెట్టడం ఆ ఇంటి పద్ధతి. తేడా ఉంటే పారబోసి, ఊళ్లో పంచాయతీ నల్లా దగ్గరి నుంచి బిందెలు మోసుకొస్తారు.

ఎల్లయ్య నలభై ఏళ్లుగా ముక్కుపొడి పీలుస్తున్న మనిషి. ఆయన ముక్కు ఎప్పుడో రిటైరైంది. పెద్దకొడుక్కి పాశమైలారంలో రాత్రి కాపలా డ్యూటీ, కోడలు చీకటితోనే కూరగాయల మడిలోకి పోతుంది. కాబట్టి తన పదేళ్ల వయసు నుంచి ఆ పని మనవరాలు నిహారికది. ఆ పిల్ల బకెట్టు మీదికి వంగి ఒక్కసారి గాలి పీల్చి, మంచిగుందనో వద్దనో చెప్పేది. ఆ మాటకు ఇంట్లో తిరుగు లేదు.

ఇంటర్ అయి, పద్దెనిమిది నిండగానే నిహారిక కంపెనీ పనికి పోతానంది. ఎల్లయ్య ససేమిరా అన్నాడు. తమ ఇంటి నుంచి ఆ గోడ లోపలికి ఇంతవరకు ఒక్కరూ పోలేదన్నాడు. నిహారిక ఒక పూట అన్నం మానేసింది. ముసలాయన గుండె కరగడానికి ఆ ఒక్క పూట చాలింది, కానీ షరతు పెట్టాడు.

"పానానికి జెర తేడా కొట్టినా నాతోని చెప్పాలె. గా రోజే బంద్ జెయ్యాలె. సమజైందా?"

నిహారిక తలూపింది. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు.

పని ఆ కంపెనీలో బట్టలు ఉతకడం. గేటు అవతలి వైపు ఉంది, చుట్టూ తిరిగి పోవడానికి కంపెనీ బస్సు. లోపల మందులు కలిపేవాళ్ల నీలం డ్రెస్సులు సంచుల్లో వస్తాయి. వాటిని సంచిలోంచి తీసి, దులిపి, జేబులు తిరగేసి మిషన్లో వేయాలి. మొదటి రోజు సంచి మూతి విప్పగానే కుళ్లిన వెల్లుల్లి, కాలిన ప్లాస్టిక్ కలిసినట్టు ఒక వాసన మొహాన కొట్టింది. నిహారిక గోడ దగ్గరికి పోయి కక్కుకుంది. పక్కన పనిచేసే బక్కమ్మ ఆరేళ్లుగా అక్కడే ఉంది. నీళ్ల సీసా ఇచ్చి, వీపు రాసింది.

"మొదటి వారమే బిడ్డా. ఇగ తర్వాత ఏం తెల్వది. గదే పని నేర్సుకునుడంటే."

బక్కమ్మ చెప్పినట్టే అయింది. పదో రోజుకు వాసన సగమైంది, మూడో వారానికి పూర్తిగా పోయింది. పని తేలికైనందుకు నిహారిక సంతోషించింది కూడా. అసలు సంగతి ఇంట్లో పొయ్యి దగ్గర తెలిసింది. పప్పు మాడి పొగ లేస్తుంటే ఆమె పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటోంది. అమ్మ పరుగున వచ్చి గిన్నె దించి, ముక్కు యాడ పెట్టినవే అని తిట్టింది. నిహారిక నవ్వేసింది. ఆ తర్వాత దొడ్లోకి పోయి పేడ వాసన చూసింది, కిరసనాయిలు సీసా మూత తీసి చూసింది. ఏమీ లేదు.

చెబితే పని బంద్. చెప్పకపోతే బకెట్టు. ఆమెకు భయం వేయాల్సింది, వేయలేదు. ఆ రోజుల్లో ఆమెకు ఏదీ లోపలి దాకా పోవడం లేదు. అన్నం తినేది, బస్సెక్కేది, వచ్చి పడుకునేది. మర్నాడు పొద్దున తాత బకెట్టు పట్టి పిలిచాడు. నిహారిక వంగింది. నీళ్లు తేటగా ఉన్నాయి.

"మంచిగుంది తాతా."

అలా నెల రోజులు రోజూ అదే మాట చెప్పింది. అంతకుముందు వారానికి రెండు రోజులన్నా వద్దనేది. ఈసారి నీళ్లు బాగుపడ్డాయని ఎల్లయ్య మురిసిపోయాడు. మురవడానికి కారణముంది. రెండేళ్లు కట్టని బర్రె ఈసారి కట్టింది, ఎనిమిదో నెల చూడి. పక్కింట్లో ఉండే చిన్నకొడుకు బిడ్డ స్నిగ్ధ, తొమ్మిదేళ్లది, పుట్టబోయే దూడకు అప్పుడే పేరు కూడా పెట్టేసింది.

ఒక ఆదివారం బర్రె మేత ముట్టలేదు. సాయంత్రానికి నెలలు నిండని దూడను వేసింది. దూడలో కదలిక లేదు. పశువుల డాక్టరు వచ్చి సూది వేసి, ఎందుకైందో చెప్పలేనని, ఏం నీళ్లు పెడుతున్నారని అడిగాడు.

"మంచి నీళ్లే సారూ. మా పిల్ల సూసి చెప్పినంకనే పెడ్తం" అన్నాడు ఎల్లయ్య.

నిహారిక అక్కడే దీపం పట్టుకుని నిలబడి ఉంది. ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

మర్నాడు కోడలు మడిలోకి పోలేదు. ఎల్లయ్య ఎప్పట్లాగే మోటారు వేసి బకెట్టు పట్టి, మనవరాలిని పిలిచాడు. ఆమె వంగలేదు.

"నాకు వాసన తెలుస్తలేదు తాతా. నెల దాటింది."

ముసలాయన తిట్టలేదు. బకెట్టు కింద పెట్టాడు. పక్కింటి గోడ దగ్గర పళ్లు తోముకుంటున్న స్నిగ్ధను పిలిచి వాసన చూడమన్నాడు. ఆ పిల్ల వంగి వెంటనే తల తిప్పేసుకుంది.

"ఛీ. గిది అక్క వాసనే."

నిహారిక అమ్మ వైపు తిరిగింది. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, స్నానం చేసినా పోతలేదు బిడ్డా, బాధపడ్తవని చెప్పలే, అంది.

ఈ నెలంతా అమ్మ నిహారిక చాపను, గాలి బాగుంటుందని, అరుగు మీద పరిచింది. ఆమె బట్టలు వేరే తీగ మీద ఆరేసింది. మెడ చుట్టూ చెయ్యేసి పడుకునే స్నిగ్ధ రావడం మానేసింది. ఉద్యోగం చేసే పిల్లనని మర్యాద చేస్తున్నారనుకుంది నిహారిక. తను ముక్కు పోయిందని దాచింది, వాళ్లు వాసనొస్తోందని దాచారు. ఒక్కరు నోరు విప్పినా ముక్కు సంగతి తేలి, ఆ బకెట్టు పారబోసేవాళ్లు.

రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ వినిపించింది. నిహారిక కదలకుండా తాత మొహమే చూస్తూ నిలబడింది. బంద్ చెయ్యమనే మాట కోసం చూసింది. చెయ్యాలని తనకుందో లేదో తెలియదు, ఆయన నోట ఆ మాట మాత్రం వినాలనుంది. ఎల్లయ్య బకెట్టు నీళ్లు పారబోసి, రెండు బిందెలు చేతికి తీసుకున్నాడు.

"పో బిడ్డా, బస్సొచ్చింది. బర్రె ఈ ఏడు పాలియ్యది."

ఆమె వెళ్లి ఎక్కింది. బక్కమ్మ జరిగి పక్కన చోటిచ్చింది. నిహారిక తన భుజాన్ని ఆమె భుజానికి ఆనించి కూర్చుని, ఎవరైనా ముక్కు మూసుకుంటారేమోనని ఒక్కొక్కరినే చూసింది. బస్సులో ఎవరికీ ఆమె దగ్గర ఏ వాసనా రాలేదు.