ఎడమ చేతిలో కట్టె

కొన్నేళ్లుగా ఒక బొమ్మను మోస్తున్నాను. అరచేయంత బొమ్మ. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

గోదావరిఖనిలో బొగ్గుబాయి పని చేసి రిటైరయ్యాను. గనిలో కూలీల పనినీ భద్రతనూ చూసుకునే సర్దార్ ఉద్యోగానికి పరీక్ష రాసేవాళ్ల కోసం తెలుగులో ఒక పుస్తకం వేశాను. గని పైకప్పు ఊడిపడేలా ఉందేమోనని కట్టెతో తట్టి చూసే మనిషి బొమ్మ అందులో ఉంది. చదువు అంతంతమాత్రంగా వచ్చినవాడికి కూడా ఆ బొమ్మ చూస్తే పని అర్థమైపోతుంది. పుస్తకానికి పేరు తెచ్చింది అదే.

అది నేను గీసింది కాదు. బాయిలో నా పైవాడు, ఓవర్‌మన్ మల్లయ్య గీసింది. నేను పరీక్షకు చదువుకోవడానికి తన నోటుబుక్కు ఇచ్చాడు. తిరిగి ఇచ్చేలోపు ఆయన పోయాడు. అందులోని బొమ్మను నా పుస్తకంలో పెట్టి, కింద నా పేరు వేసుకున్నాను.

కరోనాలో అంతా మూతపడ్డప్పుడు, ఆయన కూతురు సరిత గోలేటిలో ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు మొదలుపెట్టింది. చూపించేది నా పుస్తకం పేజీలే. పుస్తకం దొరకని పిల్లలు ఆ పాఠాలతోనే పరీక్షకు చదివేవారు. నేను సంతోషించాలి కదా? నాకు భయం పట్టుకుంది. బొమ్మలో మనిషి కట్టెను ఎడమ చేత్తో పట్టుకుంటాడు. మల్లయ్యకు కుడిచేతి వేళ్లు బాయిలోనే పోయాయి, తనను తానే గీసుకున్నాడు. అది ఇన్ని ఫోన్లలో తిరిగితే, ఆయనతో పనిచేసినవాళ్లలో ఎవడో ఒకడు పోల్చుకోడా?

ఆ పాఠాలు నడిచే సైటుకు కాపీరైట్ ఫిర్యాదు పెట్టాను. ఇవి మీ సొంతమేనా అని ఫారం అడిగింది. అవునన్నాను. పరీక్ష వారం రోజులుందనగా ఆమె పాఠాలన్నీ తీసేశారు.

సరిత మా ఇంటికొచ్చింది. కోప్పడలేదు.

"కాకా, అడగకుంట పెట్టిన, తప్పు నాదే. పరీక్ష అయ్యేదాకనన్న ఉండనియ్యి. పిల్లలు ఆగమైతున్నరు." పుస్తకం తెరిచి బొమ్మ మీద వేలు పెట్టింది. "గిది సూస్తే మా నాయిన యాదికొస్తడు. గాయన గూడ ఎడమ చెయ్యితోనే పట్టేటోడు."

"రూలు రూలే బిడ్డా," అన్నాను.

ఆ ఏడు ఎంతమంది పరీక్ష తప్పారో నేను కనుక్కోలేదు.

రాసినవాడి కష్టం కాపాడాలి, పుస్తకం లేనివాడికి పాఠమూ అందాలి. ఎటు మొగ్గాలో తేల్చుకోలేక ఆ పని చేసి ఉంటే మనసుకు ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. కానీ ఆ తగవులో నాకు చోటెక్కడిది? హక్కు మల్లయ్యది, ఆయన తర్వాత ఆ పిల్లది. తండ్రి గీసిన బొమ్మను ఆమె దగ్గర లాక్కుని, పైగా ఆమె చేతే తప్పు ఒప్పించుకున్నాను. సిగ్గుగా ఉంది.

నోటుబుక్కు ఇంకా నా బీరువాలోనే ఉంది. ఇస్తే నా దొంగతనం బయటపడుతుంది. కాల్చేయడానికి చేతులు రావు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరుగుతున్నాను. సరిత అప్పుడప్పుడు ఫోన్ చేసి పానం మంచిగున్నదా అని అడుగుతుంది. మంచిగున్నదనే చెబుతాను.

ఆ బొమ్మ మల్లయ్యది. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు రాశాను. కాస్త ఊపిరాడుతోంది.