చంద్రుడు లేని గ్రహం, యాదమ్మ అభ్యంతరం

గద్వాలలో మద్దిలేటికి మగ్గం గురించి ఎంత తెలుసో ఆకాశం గురించీ అంతే తెలుసని ఆయన నమ్మకం. ఒట్టి నమ్మకమే. పదో తరగతితో చదువు ఆగిపోయినా, ఫోనులో గ్రహాల వీడియోలు చూసి చూసి ఇతర లోకాల కథలు రాయడం మొదలుపెట్టాడు. "ఏం మద్దిలేటీ, ఇయ్యాల ఏ గ్రహం కాడ దిగినవ్?" అని వీధిలోవాళ్లు ఆటపట్టించేవారు. ఆయన చెవికి అది మెచ్చుకోలులాగే ఉండేది.

ఆ కథలు ఓపికగా వినేది ఒక్కతే, ఆయన మేనమామ భార్య యాదమ్మ. వినక తప్పదు మరి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ పోగుపోగుకూ కలుపుతూ నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. మామ శాంతయ్య పోయాక ఆ రెండో చోటు యాదమ్మదయింది.

ఈమధ్య రాసిన కథలో గద్వాల నేతగాళ్లంతా మగ్గాలు విప్పుకొని, అంతరిక్ష నౌక ఎక్కి ఓ దూరపు గ్రహానికి పోతారు. ఆ గ్రహానికి చంద్రుడు లేడు. చంద్రుడు లేడు కాబట్టి అమావాస్య లేదు. అమావాస్య నాడు మగ్గం ముట్టకూడదన్న కట్టుబాటూ లేదు. ఏడాది పొడుగునా నేతే! ఇంత గొప్ప ఊహ తనకెలా తట్టిందా అని మద్దిలేటి మురిసిపోయి, పని మధ్యలోనే చదివి వినిపించాడు.

యాదమ్మ పోగును అటూ ఇటూ నడిపే నాడెను చేతిలోంచి పక్కన పెట్టేసింది.

"అమాస లేకుంటే పెద్దల పెత్తరమాస ఏడుంటది? మీ మామ పేరు మీద బియ్యం ఎప్పుడియ్యాలె?"

"అది కథ అత్తా."

"కథైతే ఏంది? దేవుడిచ్చిన నేల ఇడిపిచ్చి మనోళ్లను తీస్కపోతున్నవ్. సచ్చినోళ్లు ఆకలితోని ఉండాల్నా? గా కథ మార్చేదాంక నేను మగ్గం మీద కూసోను."

అన్నంత పనీ చేసింది. మద్దిలేటికి ఒళ్లు మండింది. ఒక్కడే నేయబోతే అంచు దగ్గర పోగులు కలవలేదు. అప్పుడు భయం పట్టుకుంది. చీర గురించి కాదు. మామ పోయిన తర్వాత ఆమె గడప దాటి వచ్చేది ఆ మగ్గం దగ్గరికే. ఇప్పుడు అదీ మాన్పించాడు.

గ్రహానికి ఒక చంద్రుణ్ణి తగిలించి ఆమె ఇంటికి పోయాడు.

"చంద్రున్ని పెట్టినవ్, మంచిగనే ఉంది. మీ మామ గంత దూరం ఎట్ల వస్తడు? బతికున్నప్పుడు వనపర్తి బస్సెక్కితేనే కక్కుకునేటోడు."

మద్దిలేటి మళ్లీ రాశాడు. ఈసారి అందరూ వెళ్లిపోతారు. ఒక్క ముసలామె మాత్రం భూమ్మీదే ఉండిపోయి, పోయినవాళ్లందరి పేరునా బియ్యం ఇస్తుంది. ఇక తిరుగులేదనుకుని చదివాడు.

యాదమ్మ మద్దిలేటి వైపు తిరిగింది.

"ఆమెనొక్కదాన్నే ఇడిసిపెట్టి పోయిన్రా?"

"నువ్వన్నదే కద అత్తా! పెద్దోళ్లకు బియ్యం ఇచ్చేటందుకు..."

"పొద్దుగూకితే ఆమె ఎవరితోని మాట్లాడ్తది?"

తను రాసింది ఎవరి గురించో మద్దిలేటికి అప్పటికి గాని తెలియలేదు. సిగ్గుతో తల వంచుకున్నాడు.

యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, మగ్గానికి పోవడానికి చెప్పులు వేసుకుంది.

"ఆమెను గూడ ఎక్కియ్యి. జర ఆకలికి ఓర్చుకొమ్మని మీ మామకు నేను జెప్పుకుంట."