దర్జీ రక్తంలో ఉప్పు

"మతి పోయినవాడికి నీళ్ళు కూడా కొలిచి పోస్తావా? ఇదెక్కడి చోద్యం."

"రోజుకు ముప్పావు లీటరే అన్నారు వదినా. నువ్వూ విన్నావుగా."

"విన్నా. ఆ డాక్టరు పిల్లకి పాతికేళ్ళుంటాయా? నా తమ్ముడి నాలుక పిడచకట్టుకుపోతోంది. నీకు కనపడదు."

"కనపడదు. ముప్పై ఆరేళ్ళుగా నాకేదీ కనపడలేదు. అన్నీ నీకే కనపడతాయి."

మా అన్నకు అపెండిక్స్ ఆపరేషనైంది. చదువు మానేసి ఖాళీగా తిరుగుతున్నాను కాబట్టి కాపలా నాకు పడింది. మంచాల మధ్య ఆకుపచ్చ తెర కళ్ళకే అడ్డు, చెవులకు కాదు. అవతల ఒకాయన అక్కా, భార్యా పోట్లాడుకుంటుంటే, ఎవరి కోసం పోట్లాడుతున్నారో ఆయన మాత్రం దుప్పటి అంచుని వేళ్ళతో మడత పెడుతూ, విప్పుతూ ఉన్నాడు.

ఆయన దర్జీ. బజారులో మెట్ల కింద పదడుగుల గదిలో ముప్పై నాలుగేళ్ళుగా కుడుతున్నాడు. మనిషి గుమ్మంలో నిలబడగానే భుజం ఎంతో, ఛాతీ ఎంతో చెప్పేస్తాడు. అందుకే అందరికీ ఆయన కంటికొలత మామ. ఆయనకొక నియమం ఉందట. గుడ్డను మధ్యకు మడిచి, అరచేత్తో రెండుసార్లు నిమిరితే గానీ కత్తెర పెట్టడు. మడిచి కోస్తేనే కుడీ ఎడమా జతగా వస్తాయి.

మూడు నెలల క్రితం బీపీ అని మాత్ర ఇచ్చారు. ఒంట్లో నీరు బయటికి తోసే మాత్ర. ఉప్పు తగ్గించమన్నారు. భార్య తగ్గించడం కాదు, మానేసింది. నీళ్ళు ఎక్కువ తాగితే మంచిదని అక్క మిషను పక్కన రెండు పెద్ద సీసాలు పెట్టించింది. అందరూ ఆయన మేలు కోరినవాళ్ళే. నెల తిరిగేసరికి తలనొప్పి, తూలుడు, పిలిస్తే పలకకపోవడం. ఒకరోజు ప్లీడరు కోటుకి గుడ్డ మడవకుండానే కోశాడు. రెండు చేతులూ ఎడమవైపువే వచ్చాయి. ప్లీడరు నవ్వితే, ఎందుకు నవ్వుతున్నాడో తెలియక ఈయనా నవ్వాడట. ఆ నవ్వు చూసి భార్య కత్తెర తీసుకెళ్ళి పెట్టెలో దాచింది. గది నెలాఖరుకి ఖాళీ చేస్తామని ఓనరుకి అక్క చెప్పేసింది. తరవాత వారమే ఆయన మెట్టు తప్పి పడి, ఈ మంచం మీదికొచ్చాడు.

"ఇది మతిమరుపు రోగం అనుకోవద్దు," అంది డాక్టరమ్మ. "రక్తంలో సోడియం, అంటే ఉప్పు, నూట ముప్పై అయిదైనా ఉండాలి. ఈయనకు నూట పద్నాలుగుంది. నీళ్ళెక్కువై ఉప్పు పలచబడింది, మెదడు నీరు పట్టి ఉబ్బింది."

"అయితే గబగబా ఎక్కించెయ్యండమ్మా," అంది భార్య.

"గబగబా పెంచితే మెదడు ఇంకా దెబ్బతింటుంది. మెల్లగానే పెరగాలి."

"మళ్ళీ కత్తెర పట్టగలడా?"

"చాలామంది కోలుకుంటారు. కొందరికి పాత చురుకు పూర్తిగా రాదు. కొందరు ఇక్కడే ఎక్కువ రోజులు ఉండిపోతారు. నేను మాట ఇవ్వలేను."

మాట ఇవ్వనందుకు ఆవిడ నాకు నచ్చింది.

మూడో రోజుకి నూట ఇరవై ఒకటి. నాలుగో రోజు పెరగాల్సింది పోయి నూట పద్దెనిమిదికి దిగింది. డాక్టరమ్మ కాగితాలు తిరగేస్తూ నిలబడిపోయింది. నేను తెర పక్కకు లాగాను.

"వాళ్ళక్కే తాగిస్తోంది. మొహం కడుగుతానని తీసుకెళ్ళి, కుళాయి దగ్గర గ్లాసు మీద గ్లాసు పడుతోంది. నిన్న మూడు. ఇవాళ పొద్దున్న రెండు."

"నువ్వెవడివిరా మధ్యలో?" అంది అక్క.

"పక్క మంచం తాలూకు. మీరు ముద్దు చేస్తుంటే ఆయన మునిగిపోతున్నాడు."

అలా అనకుండా ఉండాల్సిందేమో. ఆవిడ స్టూలు మీద కూలబడింది. "చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే అమ్మ పనికెళ్ళేది. నేనే చెంచాతో పట్టేదాన్ని. దాహమంటే చేతులు ఆగలేదు," అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరూ ఆవిడని తిట్టలేదు. డాక్టరమ్మ గీతలున్న కొలత గ్లాసు తెచ్చి ఆవిడ చేతిలోనే పెట్టింది. "ఇకనించి నీళ్ళ లెక్క మీదే పెద్దమ్మా."

అంతే. ఆ పూట నుంచి జైలు వార్డరు నయం. తమ్ముడు పెదవులు తడిపినా గీత చూసేది. "నాకిక మాట్లాడే పనే లేకుండా చేసింది మా వదిన," అని భార్య నాతో గొణిగింది.

ఏడో రోజుకి నూట ముప్పై. డాక్టరమ్మ మంచం దగ్గరికి రాగానే ఆయన ఆవిడని కింది నుంచి పైకి చూశాడు.

"అమ్మా, ఆ తెల్లకోటు మీది కాదు. భుజం అంగుళం ఎక్కువ. మీకు పదిహేను."

"మా సీనియర్‌ది," అందావిడ, నవ్వు ఆపుకుంటూ.

కానీ సాయంత్రం ఆయన, "కొట్టు తీయాలి," అన్నప్పుడు, "అలాగేలెండి, చూద్దాం," అంది భార్య. పిల్లలకి చెప్పే గొంతుతో. అక్క కూడా తలూపింది. ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

మర్నాడు మా అన్నని ఇంటికి పంపేస్తున్నారు. సంచీ సర్దుతుంటే తెర అంచు పట్టుకుని ఆయన పిలిచాడు.

"అబ్బాయ్, నెలాఖరుకింకా పదకొండు రోజులుంది. ఈలోపు గుడ్డ తీసుకుని కొట్టుకి రా. నీకో చొక్కా కోస్తా."

"బాగవ్వండి ముందు. తొందరేముంది?"

"నువ్వూ వాళ్ళలాగే మాట్లాడకు. డాక్టరు మాట ఇవ్వనంది కదా, నాకూ నమ్మకం లేదు. చేతిలో పట్టు ఉందో పోయిందో కోస్తే గానీ తెలీదు. మావాళ్ళు ఇక నిజం చెప్పరు. సంచీలా కుట్టినా బావుందంటారు. నీకు మొహమాటం లేదని ఆ రోజే చూశా. తప్పుంటే మా ఆవిడ ముందే చెప్పు. నువ్వు తప్పన్నావంటే తాళం నేనే ఓనరుకి ఇచ్చేస్తా. తప్పు లేదన్నావంటే ఎవరొచ్చినా ఇవ్వను."

నేను సరేనన్నాను. ఆయన నా భుజాల కేసి చూసి మళ్ళీ అన్నాడు:

"పాత గుడ్డ తేవద్దు. చెడిపోతే నీకు ఏడుపొచ్చే గుడ్డ తీసుకురా."