ఋషిగారి గురువారం

ఒక నక్షత్రానికి గురువారం అంటే ప్రత్యేకమైన ఇష్టమని లోకానికి చాటిన మొదటి మనిషిని నేనే. ఆఖరి మనిషిని కూడా నేనే. ఆ ఘనకార్యంతో నా పరువు ఎలా పోయిందో చెబుతాను, నవ్వుకోండి. పరువుతో పాటు ఇంకొకటి కూడా పోయింది. దానికి మాత్రం నవ్వు రాకపోతే నన్నేమీ అనకండి.

అప్పుడు నేను నర్సంపేట నుంచి బదిలీ మీద కొత్తగా హనుమకొండ వచ్చాను. మిద్దెమీద ఒంటి గది. పని ఉంటే తప్ప ఆఫీసులో ఎవరూ పలకరించేవారు కాదు. సాయంత్రమైతే కుర్చీ బయట వేసుకుని ఆకాశం చూసేవాణ్ని. చుక్కలు చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరాను గానీ, అక్కడ నా గుడ్ మార్నింగులకు కూడా దిక్కు లేదు. నిజం చెప్పాలంటే నాకు కావలసింది నక్షత్రాలు కాదు, మాట్లాడే మనిషి.

ఆ ఎండాకాలం సప్తర్షుల్లో ఒకాయన మీద నాకు అనుమానం వచ్చింది, ఆయన వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉందేమోనని. అది తేల్చాలంటే వెలుగు మారని మరో చుక్కతో పోల్చి చూడాలి. కూరగాయలమ్మకు తూకంరాయి ఎలాగో మనకు ఆ పోలిక చుక్క అలాగ. దగ్గర్లో ఉన్నవి రెండు మూడు పెట్టుకోవాలని తెలిసినవాళ్లు చెబుతారు. నాకు ఒకటే చాలనిపించింది. ధ్రువ నక్షత్రాన్ని ఎంచుకున్నాను. కదలనివాడు మారడు కదా అని నా తర్కం. పైగా ఆయన మా పిట్టగోడకు కాస్త పైనే, కుర్చీలోంచి లేవకుండా కనిపిస్తాడు.

మామూలు రోజుల్లో ఇద్దరూ సమానంగానే ఉండేవారు. గురువారం మాత్రం ఋషిగారు ధ్రువుణ్ని మించిపోయేవారు. ప్రతి వారం అదే వరస. ఆగలేక గ్రూపులో రాసేశాను. గ్రూపంతా పెళ్లిల్లులా మేలుకుంది. పరకాలలో ఉండే రిటైర్డ్ ఫిజిక్స్ సారు ఫోన్ చేశారు.

“గురువారమే పెరుగుతాందా తమ్మీ?”

“అవు సార్. ఒక్క వారం గూడ తప్పలే.”

“చుక్కకు గురువారమని ఎట్ల ఎరుక?”

“అదే సార్, ఇగ కనిపెట్టాలె.”

ఆయన ఒక్క మాటలో తేల్చేశారు. “వచ్చే గురువారం నేనే వస్త. ఇంట్లనే ఉండు.”

నేనెక్కడికి పోతాను చెప్పండి? నా గదికి ఒక మనిషి వస్తున్నాడని ఆ వారమే రెండో కుర్చీ కొన్నాను.

గురువారం చీకటి పడగానే ఇద్దరం కూర్చున్నాం. మా ఓనరమ్మ జమీలా ఖాలా ఎప్పటిలాగే లోబాన్ పొగ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. లోబాన్ అంటే మన సాంబ్రాణి లాంటిదే, గురువారం సాయంత్రం వాళ్లింట్లో వేస్తారు. నిప్పుల గిన్నెను పిట్టగోడ మీద పెట్టి, “తిన్నవా బేటా?” అంది.

“తిన్న ఖాలా,” అన్నాను, ఎప్పటిలాగే మెడ తిప్పకుండా. “సార్, చూడుండ్రి, మించిండు.”

సారు ఋషి వైపు చూడలేదు. “దేంతోని పోలుస్తానవ్?”

“ధ్రువునితోని.”

“ఆయన ముంగట ఏమున్నది?”

అప్పుడు చూశాను. ధ్రువుడి ముఖం మీదుగా లోబాన్ పొగ తాపీగా పోతోంది.

“ఋషి పెరుగలే తమ్మీ. ధ్రువుడు మసకైండు.”

సారు నవ్విన నవ్వుకు కొత్త కుర్చీ కిర్రుమంది. సిగ్గుతో నా ఒళ్లు మండిపోయింది. ఆ మంట ఎవరిమీద చూపించాలో తెలియక, “నీ పొగ జర కిందనే పెట్టుకోరాదు ఖాలా? పనంత ఖరాబైంది,” అన్నాను.

“తెల్వక తెచ్చిన బేటా,” అంటూ ఆమె గిన్నె తీసుకుని దిగిపోయింది.

సారు బస్సెక్కి వెళ్లిపోయారు. గ్రూపువాళ్లు కొన్నాళ్లు నాకు గురువారం శుభాకాంక్షలు పంపారు, తరవాత అదీ మానేశారు. ఖాలా మళ్లీ పైకి రాలేదు. ఋషి, ధ్రువుడు వారమంతా సమానంగా వెలిగారు. లెక్క సరిపోయింది గానీ నాకు ఏడుపొచ్చింది. ఒక గురువారం కిందికి దిగి ఆమె తలుపు కొట్టాను.

“లోబాన్ మీదికి తే ఖాలా, ఏం కాదు.”

“లోబాన్ ఇంట్ల ఏసుకునేదే బేటా. మిద్దెమీద దానికేం పని? పోరడు ఒక్కడే కూసుంటాండు, పలకరిద్దామని పట్టుకొస్తుంటి.”

“మరి రా ఖాలా.”

“వద్దు బేటా. నీ చుక్కలు ఖరాబైతయ్. పెద్ద పెద్ద సార్లు వస్తరు నీ కాడికి.”

ఎవరూ రారని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. నా పరిశోధన మీద అంత గౌరవం ఉన్న మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

కాబట్టి సప్తర్షుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ నక్షత్రాన్నీ అనుమానించను, మారితే మారనిస్తాను. ఏ గురువారమైనా ధ్రువుడు మసకబారితే, ఎందుకని అడగకుండా లేచి, ఆ పొగ తెచ్చిన మనిషికి కుర్చీ వేస్తాను.